ఆ నోబాలు

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలాయన నా సంచిలోంచి పైకి కనిపిస్తున్న అంపైరు టోపీని చూసి నవ్వాడు.

"నానూ బాలేసీవోణ్ణే బాబూ. మాది సముద్రం ఒడ్డు. డబ్బులిచ్చి ఊరూరా ఆడించీవోరు."

"మరెందుకు మానేశారు?"

"జిల్లా టీములోకి తీసుకున్నారు. మొదటి ఓవర్లోనే అంపైరు బాబు నోబాలన్నాడు. మోసెయ్యి వంచి ఇసురుతన్నావన్నాడు. మరింక ఎవలూ పిలవలేదు."

కుడిచెయ్యి ముందుకు పెట్టి చూపించాడు. చిన్నప్పుడు పడవ మీంచి పడితే విరిగిందట. మోచెయ్యి అప్పట్నుంచీ వంగే ఉండిపోయింది. ఎడమచేత్తో పట్టుకుని లాగినా రవ్వంతైనా కదల్లేదు.

మోచెయ్యి వంగి ఉండటం తప్పు కాదు. బంతి వదిలేటప్పుడు ఆ వంపు తిన్నగా సాగితేనే నోబాలు. ఈ చెయ్యి ఎప్పటికీ సాగే చెయ్యి కాదు.

"ఏటి సేస్తాం బాబూ, రూలు రూలే గదా. ఆ బాబు మంచోడే," అన్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. డెబ్బై దాటిన మనిషికి ఇప్పుడా మాట ఎందుకు పనికొస్తుంది?

"అవునండీ, రూలే," అన్నాను.

ఎచ్చెర్లలో దిగి, నా కిటికీ వైపు తిరిగి ఆ వంకర చెయ్యే ఎత్తి ఊపాడు. నేను టోపీని సంచి అడుక్కి తోసేశాను.