డ్యామేజ్ లేని శాలువా

బజారులో బేరమాడే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విదేశం వెళ్లి బేరమాడేవాడిని చూస్తే మరీను. విమానానికీ హోటల్‌కీ నోరెత్తకుండా కట్టి వస్తాడు. గుప్పెడు బాదంపప్పు దగ్గరికి వచ్చేసరికి వాడిలోని వ్యాపారి నిద్ర లేస్తాడు.

ఆ ఏడు మేం పదిమందిమి తాష్కెంట్ వెళ్లాం. అందరం సోలాపూర్‌లో పవర్‌లూముల మీద టవళ్లు, చద్దర్లు నేయించి అమ్ముకునేవాళ్లమే. అక్కడి పాత బజారులో మావాళ్ల నిర్వాకం చెప్పాలంటే సిగ్గేస్తుంది. అడిగిన ధరలో నాలుగో వంతుకు ఇవ్వమనడం, రుచి చూస్తామని సగం కడుపు నిండేదాకా ఎండుద్రాక్ష మెక్కడం, కొనకుండా లేచిపోవడం, నాలుగడుగులు వేసి వెనక్కి పిలుస్తారేమోనని ఓరకంట చూడటం. ఈ దండుకు నాయకుడు మా బావ, అంటే మా అక్క మొగుడు. సాయంత్రం బస్సులో అందరూ ఒకే రకం టోపీలు పెట్టుకుని, ఎవడు తక్కువకు కొన్నాడో పోల్చుకుంటూ కూర్చునేవాళ్లు. రెండు చాయిల డబ్బు మిగిల్చినవాడు ఆ పూట వీరుడు.

నేను అట్లాంటివాణ్ని కానని నా గర్వం. నాకు బట్ట తెలుసు. రెండు వేళ్ల మధ్య పెట్టుకుంటే దాని విలువ ఎంతో చెప్పగలను. పైగా నేను వచ్చింది టోపీల కోసం కాదు, మా అమ్మ కోసం.

అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. కుంఠా నాకా పేటలో మా ఇల్లూ, లూముల షెడ్డూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి. ఆ షెడ్డులో రోజంతా బట్ట నేస్తారు గానీ మా ఇంట్లో మంచి టవలు ఎవరూ ఎరగరు. మాబోటి ఇళ్లన్నీ అంతే. పోగు తెగినదీ, అంచు వంకరపోయినదీ, రంగు కారినదీ ఇంట్లోకి, మంచిది బజారుకు. డ్యామేజ్ లేని చద్దరు అమ్మ ఒంటిమీద నేనెప్పుడూ చూడలేదు. బయలుదేరే ముందు ఏం తెమ్మంటావని అడిగాను.

"నాకేం వద్దు బిడ్డా. తెస్తే గిస్తే ఒక్క సాఫ్ మాల్ తే. చెయ్యేస్తే యాడ తట్టొద్దు," అంది.

ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇంకొకడి సంగతి కూడా చెప్పాలి. వెనకటి రోజుల్లో మా సరుకు కొనడానికి ఒక దలాలు వచ్చేవాడు. చిటికెనవేలి గోరు పెంచేవాడు వెధవ. కట్ట విప్పి, నాణ్యం చూస్తున్నట్టు తడుముతూ తడుముతూ ఆ గోరుతో ఒక పోగు పైకి లాగేవాడు. "ఇదిగో, డ్యామేజ్," అని రేటు కోసేవాడు. మేం చూస్తూ కూడా నోరు మూసుకునేవాళ్లం, అప్పట్లో మాకు కొనేవాడు వాడొక్కడే. వాడు గల్లీ దాటాక, బీడీల చాట ఒళ్లో ఉండగానే అమ్మ మొదలుపెట్టేది. "వాని చెయ్యి పడిపోను. వాని గోరు పుచ్చిపోను."

మూడో రోజు బజారు చివర ఒక ముసలామె దగ్గర నాకు శాలువా దొరికింది. ఉన్నిది, చేత్తో నేసింది, లేత గోధుమరంగు. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాను. ఎక్కడా తట్టలేదు. తిరగేసి చూశాను, వెనకవైపూ అంతే. నేసిందెవరని సైగ చేస్తే తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది, తర్వాత రెండు చేతులతో మగ్గం లాగి కొట్టే తీరు చూపించింది. ఒకప్పుడు చేమగ్గం మీద మా నాయన కొట్టిన తీరే. ధర క్యాలిక్యులేటర్ మీద నొక్కింది. ఆ పనితనానికి అది తక్కువే. జేబులో చెయ్యి పెట్టాను.

"ఏంది బామ్మర్దీ, చెప్పిన రేటుకే తీస్కుంటున్నవా?" వెనక నుంచి మా బావ. "సోలాపూర్ ఇజ్జత్ తీస్తవా ఏంది? అశోక్ చౌక్‌ల తెలిస్తే నిన్ను నిలవడి చాయ్ తాగనియ్యరు."

టోపీలన్నీ నా చుట్టూ చేరి నవ్వాయి.

ఆ మూకను పూచికపుల్లపాటి కూడా లెక్కచేయనని అప్పటిదాకా నన్ను నేను మెచ్చుకుంటున్నాను. జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. శాలువాను మళ్లీ తడిమాను, నాణ్యం చూస్తున్నట్టు. మూల దగ్గర నా గోరు దిగింది. ఒక పోగు పైకి లేచింది.

"డ్యామేజ్," అన్నాను, ఆ పోగు ఆమెకు చూపిస్తూ.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. నన్ను అనుమానించి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ముఖం ఎర్రబడింది. తన చేతుల వంక చూసుకుంది. తప్పు తన నేతదే అనుకుంది. మన్నించమన్నట్టు తల వంచి, తానే ధర సగానికి తగ్గించి చూపించింది. బావ నా వీపు చరిచాడు. ఆ సాయంత్రం బస్సులో వీరుణ్ని నేనే. థూ, నా బతుకు.

లేచిన పోగును సూదిమొనతో నేతలోకి తోసేశాను. నా కంటికే కనబడలేదు. ఇంటికి రాగానే, ఒక ముసలామె చేత్తో నేసిందని చెప్పి శాలువా అమ్మ ఒళ్లో పెట్టాను. అమ్మకు చూపు ఆనడం లేదు, ఏదైనా వేళ్లతోనే చూస్తుంది.

"మస్తు మెత్తగున్నదిరా," అంటూ తడిమింది. ముఖం విప్పారింది. మూలకు వచ్చేసరికి బొటనవేలు ఆగింది. అక్కడే రెండుసార్లు అటూ ఇటూ రుద్దింది.

"ఇది నేతల పోయింది కాదురా. గోరు వెట్టి గుంజిన్రు."

నేను శాలువా తెచ్చిన సంచిని మడతపెట్టసాగాను.

"నీకంటే ముంగట ఎవడో వచ్చి గుంజి పోయిండు. పాపం, ఆమె చూస్కోలేదేమో. వాని చెయ్యి పడిపోను. వాని గోరు పుచ్చిపోను." నా వైపు తిరిగింది. "నువ్వన్న ఆమెకు పూర పైసలు ఇచ్చినవా బిడ్డా?"

"ఇచ్చిన," అన్నాను.

"మంచిగ చేసినవ్. సూదిల దారం ఎక్కియ్యి, నాకు కానొస్తలేదు."

ఎక్కించి ఇచ్చాను.