సాయంత్రమైతే మిస్సింగ్ కొట్టే కారు

మా కారుకి సాయంత్రమైతే జబ్బు చేసేది. పొద్దున కూకట్‌పల్లిలో బయల్దేరి కొత్తగూడ మీదుగా హైటెక్ సిటీ చేరేదాకా కిక్కురుమనకుండా నడిచేది. అదే కారు ఆఫీసయ్యాక ఇంటిదారి పట్టేసరికి దగ్గేది, గుంజేది, నడిరోడ్డు మీద ఊపిరాడనట్టు ఆగిపోయేది. వెనకున్న లారీవాడు హారన్ కొట్టి, పక్కనుంచి పోతూ ఒక చూపు చూసేవాడు. స్టీరింగు దగ్గర ఆడది ఉంటే ఇంజన్‌ని ఎవరూ అనుమానించరు.

తొంభైతొమ్మిది నాటి మాట ఇది. హైటెక్ సిటీ అంటే అప్పటికి ఒక పెద్ద భవనం, దాని చుట్టూ కడుతున్న నాలుగు భవనాలు, మిగతాదంతా బండరాళ్ళు. మా ఇంటినుంచి అక్కడికి బస్సులో వెళ్ళాలంటే రెండు మారాలి. ఆటోవాళ్ళు సాయంత్రం అటువైపు రామంటే రామనేవారు. మావారి ఆఫీసులో రిటైరైన ఒక అధికారి వదిలించుకున్న ఆ పాత తెల్లకారు లేకపోతే నాకు ఆ ఉద్యోగం లేనట్టే.

నాకేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. "మా ఆవిడ ఇంట్లో ఊరికే చేసే పనికి అక్కడ జీతం ఇస్తున్నారు" అని మావారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నవ్వనీ. పెళ్ళైన ఆరేళ్ళకి, పాపకి మూడేళ్ళు వచ్చాక, నా పేరుతో ఒక బల్ల, ఒక కుర్చీ దొరికాయి. అవి వదులుకోవాలంటే నా వల్ల కాదు.

గోదావరి జిల్లానుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అత్తగారు పాపని చూసుకునేవారు. నేను ఉద్యోగంలో చేరేముందు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. అందుకు కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. కోడలు చీకటిపడ్డాక తిరగడం ఇష్టం లేదు కాబోలు అనుకుని లోపల్లోపల పళ్ళు నూరుకుని సరే అన్నాను. సెప్టెంబరుదాకా ఆ షరతు ఇబ్బంది పెట్టలేదు. దసరా వెళ్ళిన వారం నుంచి కారు మొండికేయడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఏడుంబావు, తర్వాత ఏడున్నర, ఒకరోజు ఎనిమిది. ఎనిమిదైన రోజున అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఈ నెలాఖరుదాకా చూద్దాం అమ్మాయ్. అప్పటికీ ఇంతే అయితే మానెయ్యమ్మా, ఇది నావల్ల కాదు" అన్నారు.

మావారు పేపరు మడత పెట్టి మళ్ళీ విప్పారు. 

మర్నాడే అత్తగారు కారుకి దిష్టి తీశారు. దసరానాడు ఆయుధపూజ చేసి, పూలదండ వేసి రోజంతా వీధిలో పెట్టామట, ఎవరి కళ్ళో పడ్డాయట. నిమ్మకాయలు చక్రాల కింద తొక్కించారు, ముందు బంపరుకి మిరపకాయలు కట్టారు. నేను మూసాపేటలో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన, నెరిసిన గడ్డం, చెవిమీద పెన్సిలు. ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ప్లగ్గులు మార్చాడు. మరుసటి ఆదివారం పాయింట్లు మార్చాడు. మూడో ఆదివారం కండెన్సరూ కాయిలూ మార్చాడు. ప్రతిసారీ తనే ఒక చుట్టు తిప్పుకొచ్చి, "చూడమ్మా, పాటలెక్క నడుస్తున్నది" అనేవాడు. నిజమే, నడిచేది. సోమవారం సాయంత్రానికి మళ్ళీ దగ్గు.

పొద్దున పూట తాళం తిప్పితే సెల్ఫ్ మాత్రం కాస్త బద్ధకంగా తిరిగేది. చలికాలం కదా అని సరిపెట్టుకున్నాం.

మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు, ఏ విషయంలోనైనా సలహా సిద్ధంగా పెట్టుకునే మనిషి. "క్లచ్ మీద కాలు పెట్టుంచుతున్నారేమో మేడమ్" అన్నాడు. నేను కారు తప్పు అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుందని నవ్వాడు కూడా. ఆయన రాసిన ప్రోగ్రాములో ఆ వారం నేను పదకొండు తప్పులు పట్టాను. మామూలుగా ఏడో ఎనిమిదో దగ్గర ఆగేదాన్ని.

నాలుగో ఆదివారం ఉస్తాద్‌కి నా మొహం చూడగానే విసుగొచ్చింది. నాకూ వచ్చింది.

"ఏందమ్మా, మల్లా వచ్చినవ్? బండికి ఏం లేదు. పొద్దుగాల మంచిగ ఉన్నదాన్ని తెస్తవ్, ఖరాబ్ ఉన్నదంటవ్. జరం లేనప్పుడు దవాఖానకి తీస్కపోతే డాక్టర్ ఏం చెప్తడు?"

"మరి జ్వరం సాయంత్రమే వస్తోందని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను కదండీ!"

"అయితే సాయంత్రమే తే. నేను కూసుంట నీతోని. జర పరేషాన్ కాకు."

అంత చిన్న సంగతి నాకు తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆఫీసులో ఎవరైనా తప్పుంది అంటే, అది ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే వస్తోంది అని పది ప్రశ్నలు వేసి, నా కళ్ళముందు చేసి చూపిస్తేగానీ నమ్మను. సొంతకారు దగ్గరికొచ్చేసరికి సెలవుపొద్దు చూసుకుని, తీరిక చూసుకుని నాలుగు వారాలు నాశనం చేశాను. నెలాఖరుకి రెండు రోజులే మిగిలాయి.

మంగళవారం మధ్యాహ్నమే ఆఫీసులో చెప్పి వచ్చేశాను. మావారూ సెలవు పెట్టారు. సాయంత్రం ఇద్దరం బయల్దేరబోతుంటే అత్తగారు చెప్పులేసుకుని పాపని చంకనెత్తుకున్నారు.

"పిల్లని నాకు వదిలి మీరిద్దరూ పోవద్దు. మేమూ వస్తాం."

నా మీద నిఘాకి వస్తున్నారని నాకు ఒళ్ళు మండింది. కారు నిజంగా ఆగుతోందా, కోడలు కథలు చెబుతోందా అని చూడ్డానికే అనుకున్నాను. వెనక కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది, అందుకని పాపని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. మూసాపేటలో ఉస్తాద్ ఎక్కి వెనక మావారి పక్కన సర్దుకున్నాడు.

కూకట్‌పల్లి దాటి కొత్తగూడ దారి పట్టేదాకా కారు హాయిగా నడిచింది. ఉస్తాద్ అద్దంలోంచి నావైపు చూస్తున్నాడు. ఆగమ్మా తల్లీ, ఈ ఒక్కరోజు ఆగిపో అని దానికి దణ్ణం పెట్టుకున్నాను. మసక కమ్మింది. లైట్లు వేశాను. రెండు ఫర్లాంగులు పోయామో లేదో ఒక్క గుంజు గుంజింది, తర్వాత ఇంకోటి. నా ప్రాణం లేచొచ్చింది.

"అదిగో! చూశారా!" అని పండగొచ్చినంత సంతోషంగా అరిచాను.

ఆ కుదుపుకి అత్తగారు భయపడి, పట్టు కోసం చేత్తో ముందంతా తడుముకుని డాష్‌బోర్డు కింద చేతికందింది పట్టుకున్నారు. వెంటనే కెవ్వుమని వదిలేశారు.

"అమ్మో, కాలిందర్రా! అట్లపెనం లాగుంది!"

"బండి ఆపు, ఆపు!" ఉస్తాద్ వెనకనుంచే వంగి అక్కడ వేలు పెట్టాడు. అది చోక్ వైరు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి లాగే బటన్ దగ్గర్నుంచి ఇంజన్‌లోకి పోయే సన్నని ఇనుప తీగ. వేడెక్కాల్సిన పనే లేదు దానికి. "లైట్లు బంద్ చెయ్యి" అన్నాడు. చేశాను. ఇంజన్ ఒక్కసారిగా తేరుకుంది. "పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్ళీ దగ్గు. ముచ్చటగా మూడుసార్లు అదే చేయించాడు. అప్పటికి నాకూ వెలిగింది. దానికి సాయంత్రంతో పనిలేదు, లైట్లతో పని. పొద్దున లైట్లు వెయ్యం కనక రోగం కనపడలేదు. 

ఉస్తాద్ బానెట్ ఎత్తి, సంచిలోంచి లావుపాటి వైరు తీసి, ఒక కొస ఇంజన్‌కీ ఒక కొస బాడీకీ తగిలించాడు. లైట్లు వెలుగుతుండగానే ఇంజన్ నిండుగా తిరిగింది. లైట్లు కూడా అంతకుముందుకంటే తెల్లగా వెలిగాయి.

"ఎర్త్ పోయింది. కరెంట్ పోతది గానీ వాపస్ రావాల్నంటే తొవ్వ లేదు. ఇంజన్‌కి బాడీకి నడుమ ఇగో ఈ పట్టీ ఉంటది. పెద్ద దర్వాజ బంద్ అయితే కిటికీలకెల్లి దూకినట్టు, మొత్తం ఆ చోక్ వైర్‌లకెల్లి పోతున్నది. గిట్ల పోతే పాపం అది కాలదా? ఇంజన్‌కి తాకత్ ఏడికెల్లి వస్తది? పొద్దుగాల సెల్ఫ్ గూడ గందుకే సుస్తుగ తిరుగుతది. పెద్దమ్మా, నెల రోజుల సంది నాకు దొరకనిది నువ్వు దొరకబట్టినవ్!"

అత్తగారు కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని సిగ్గుపడ్డారు.

ఉస్తాద్ టార్చి నోట కరుచుకుని ఆ పట్టీ బోల్టు విప్పాడు. దాని కింద బాడీ మీద నిగనిగలాడే నల్లరంగు. పట్టీ కొసకీ అదే రంగు. గోటితో గీకి చూసి, "రంగు మీద బిగిస్తే ఎర్త్ ఎట్ల దొరుకుతది? ఎవడమ్మా ఈ పని చేసినోడు? మెకానిక్ కాదు, పెయింటర్!" అన్నాడు.

 నేను మావారివైపు చూశాను. ఆయన మిరపకాయల దండని శ్రద్ధగా చూస్తున్నారు.

దసరాకి ముందురోజు, నేను వంటింట్లో పిండివంటల పనిలో ఉండగా, కిటికీ ఊచలకి వేయగా మిగిలిన రంగుడబ్బా తీసి ఆయన బానెట్ కింద తుప్పు కనపడ్డ చోటల్లా పూశారు. అడ్డమొచ్చిన పట్టీ ఊడదీసి, దాని కిందా పూసి, దానికీ ఒక పూత పూసి, ఆరాక పద్ధతిగా బిగించారు. "పూజకి బండి కొత్తగా ఉంటే నువ్వు సంతోషిస్తావని" అన్నారు. ఆ రంగు మీదే అత్తగారు పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆ మెరుపు చూసి నేను మురిసిపోయాను కూడా. తిలాపాపం తలా పిడికెడు.

కోపం రావాలి నాకు. నెలరోజులు నడిరోడ్డు మీద తిట్లు తిన్నాను, ఉద్యోగం పోయేదాకా వచ్చింది. కానీ రోడ్డుపక్కన చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో లెక్క తప్పినవాడిలా నిలబడ్డ మనిషిని చూస్తే నవ్వొచ్చింది. చాలా ముద్దొచ్చారు కూడా. ఉస్తాద్ ఉన్నాడు కాబట్టి ఊరుకున్నాను. ఉస్తాద్ గరుకు కాగితంతో రంగు గీకి, కింద ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పట్టీ బిగించాడు. ఆయన్ని మూసాపేటలో దింపి ఇల్లు చేరేసరికి ఎనిమిది కావొచ్చింది. దారిపొడుగునా కారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

"చూశారా అత్తయ్యగారూ, ఎనిమిదైంది. అందరం బయటే ఉన్నాం, ఇల్లేమీ మునిగిపోలేదు" అన్నాను గేటు ముందు కారు ఆపి. గెలిచినదాన్ని కదా, కాస్త ఎత్తిపొడుపుగానే అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నేను అటువైపు వెళ్ళి, నిద్రపోతున్న పాపని ఎత్తుకోబోయాను. పాప నా చేతుల్లో సగం పైకి లేచి ఆగిపోయింది. ఏదో పట్టి లాగుతోంది. వంగి చూస్తే పాప గౌను అంచు అత్తగారి చీరచెంగుకి ముడేసి ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

"చీకటిపడితే నాకేం ఆనదమ్మా. ఏడాదై ఇంతే. వీధిదీపం చుక్కలాగుంటుంది, మనిషి కనపడడు. పిల్ల గేటు తీసుకుని ఎటైనా పోతే నాకు తెలీదు. అందుకే లైటేసే వేళకి దాన్ని నాకు ముడేసుకుని, నువ్వొచ్చేదాకా కదలకుండా కూర్చుంటాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"కళ్ళు పోయినదాని దగ్గర పిల్లనెవరు వదుల్తారు? నీ ఉద్యోగమూ పోతుంది, నన్నూ ఊరు పంపించేస్తారు."

 ఆఫీసు వదిలాక గంటసేపు స్నేహితులతో టీ తాగి వచ్చే మావారు, ఆవిడ కళ్ళకి ఆపరేషన్ అయ్యేదాకా ఆరింటికల్లా ఇంట్లో ఉండటం ఆ మర్నాటినుంచే మొదలుపెట్టారు. నా ఉద్యోగం నాకు ఉంది. కానీ ఆ గేటు దగ్గర నాకు అదేమీ గుర్తులేదు. సాయంత్రమే ఎందుకు, సాయంత్రమే ఎందుకు అని నెలరోజులు కారు వెంటపడ్డాను. ఏడింటికే ఎందుకు అని ఆవిడని ఒక్కసారైనా అడగలేదు. నన్ను అనుమానించడానికి వచ్చిందనుకున్న మనిషి, మసకలో ముందేముందో కనపడక చేత్తో తడుముకుంటుంటే కూడా నాకు తెలియలేదు.

పాప నా భుజం మీద నిద్రపోతూనే ఉంది. ముడి రెండు పేటలు వేసి బిగించి ఉంది. ఒంటిచేత్తో విప్పబోతే నాకు రాలేదు. ఆవిడే కాలిన వేళ్ళతో తడుముతూ విప్పారు.