నాన్న పెట్టిన రాయి

మొన్న పొట్టంగి ఘాటీ ఎక్కుతుంటే నా కారు మొరాయించి క్లచ్ కాలిన వాసన కొట్టింది. దిగి చక్రానికి రాయి పెడుతుంటే చిన్ననాటి అనుమానం గుర్తొచ్చింది.

జయపురంలో మాది చక్రాల టిఫిన్ బండి. దాన్ని సంతలకు లాక్కెళ్లడానికి నాన్న కారు వెతికాడు. బ్రోకరు తెచ్చిన తెల్లకారు మీద నా మనసు పడింది. నాన్నకు నమ్మకం కుదరలేదు.

"మెరుపు నాకెందుకు బాబూ? గ్రైండరుతో సహా బండి కట్టు. ఎత్తులో ఆపి, మళ్లీ లాగి సూపించు," అన్నాడు.

బ్రోకరు ఎత్తు మధ్యలో కారు ఆపాడు. నాన్న గబుక్కున వంగి మా బండి చక్రానికి రాయి పెట్టాడు. కారు గింజుకుంది, పొగలు కక్కింది, కదల్లేదు.

కారు కదలకుండా రాయి అడ్డుపెట్టి నాన్నే మోసం చేశాడనుకున్నాను. "మా నాన్న రాయెట్టేడు!" అని అరిచాను.

"ఇన్నారా? పిల్లే సెప్తంది!" అని బ్రోకరు చుట్టూ ఉన్నవాళ్లకు చాటాడు. అందరూ నవ్వారు. నాన్న ఆ కారు వద్దని మా బండి విప్పేశాడు. తర్వాత పాత జీపు కొన్నాడు. నా అనుమానం మాత్రం పోలేదు.

మొన్న నా చెయ్యి దానంతటదే రాయిని చక్రం వెనక్కి నెట్టింది. నాన్న పెట్టిందీ అక్కడే. ఆ రాయి బండిని ముందుకు పోనిస్తుంది, వెనక్కి దొర్లనివ్వదు.

ఆ రోజు బండి వెనక నిలబడింది నేనొక్కదాన్నే.