అత్తయ్య మొక్కులు

కిందటేడు ఇదే నెలలో ఒక ఉదయం మా ఆయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. అత్తయ్యకని నేనప్పుడు జావ ఫ్లాస్కులో పోస్తున్నాను. ఏం చేయాలో తోచక మూత బిగించాను. మళ్ళీ తీశాను.

అత్తయ్య వన్ టౌన్‌కి కాపురానికొచ్చారు. మామయ్య పోయాక సీతమ్మధారలో మాతోనే ఉన్నారు. చాలామంది ఇళ్ళల్లో మొక్కులు మొక్కే పెద్దవాళ్ళుంటారు. మా అత్తయ్య మాత్రం ఇతరుల కోసమే మొక్కేవారు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకి సంబంధం కుదరకపోయినా, వాళ్ళ గుమ్మం దగ్గరే నిలబడి, "సింహాచలం అప్పన్నకి కాయ కొడతానని సెప్పేను, బెంగెట్టుకోకు" అని వచ్చేసేవారు. పక్కింటావిడకి ఆపరేషన్ అన్నప్పుడూ మొక్కారు. వాళ్ళ ట్యాంకు పొంగి మా గోడ తడుస్తోందని గొడవపడ్డప్పటి నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అదే అడిగితే, "నాకూ దానికీ మాటల్లేవు. దేవుడికీ దానికీ ఉన్నాయి కదే" అన్నారు.

ఒకసారి ఒకే ఉద్యోగానికి పోటీపడుతున్న ఇద్దరి కోసం మొక్కేశారు. నాకు ప్రతిదానికీ లెక్క కుదరాలి. "ఉన్నది ఒక్కటే కదా అత్తయ్యా, ఆయన ఎవరికివ్వాలి?" అన్నాను.

"అది ఆయన తలనొప్పి. ఇద్దరు తల్లులూ నా దగ్గరే ఏడిసేరు. ఒకర్ని పొమ్మంటానేటి?"

మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీలో ప్రమోషన్ వస్తే ఆయనకే గుండు చేయిస్తానని మొక్కి, వచ్చాక గానీ ఆ సంగతి చెప్పలేదు.

"నా జుట్టు మీద నీ మొక్కేటమ్మా?"

"కన్నది నాను కాదేట్రా?"

గుండుతో షిఫ్టు బస్సెక్కితే, "ఏటి బావా, ప్రమోషనుకి ఇదే యూనిఫారమా?" అన్నారట తోటివాళ్ళు. ఇంటికొచ్చి ఆయన చెబుతుంటే అందరికంటే గట్టిగా నవ్వింది అత్తయ్యే.

ఆవిడ మంచాన పడ్డాక జీవితంలో మొదటిసారి నేనూ మొక్కాను. ఎలా కనిపెట్టారో గానీ, ఆసుపత్రిలో అడిగారు.

"నా గురించి మొక్కేవేటే?"

తలూపాను.

"ఏటని?"

"మీరు ఇంటికొస్తే సింహాచలం మెట్లెక్కి, మెట్టు మెట్టుకీ పసుపు రాస్తానని."

"మోకాళ్ళ నొప్పులదానివి, మెట్లెందుకే? కాయంటే సరిపోను." నవ్వి, ఆయాసం తీర్చుకుని మళ్ళీ అన్నారు. "నాను రాకపోయినా ఎక్కు."

నేను ఆవిడ దుప్పటి సర్దాను.

"దేవుడేటి కూలోడా, పనైతేనే డబ్బులిత్తాననడానికి? నువ్వడిగేవు, ఆయనిన్నాడు. ఇన్నందుకు ఎల్లు."

ఆవిడ ఇంటికి రాలేదు. పెద్దవాళ్ళు పోయిన ఇంటివాళ్ళు ఏడాది వరకూ కొండెక్కకూడదంటారు. ఆ ఏడాదంతా నాలో కోపమే పెరిగింది. ఊరందరి కోసం అడిగిన మనిషిని నాకు ఉంచమంటే ఉంచని దేవుడికి నేనెందుకు పసుపు రాయాలి? దీపం పెడుతున్నప్పుడల్లా ఇదే ఆలోచన. "అమ్మే లేదు. నిన్నెవరడుగుతారు?" అన్నారు మా ఆయన. నిజమే, ఎవరూ అడగరు.

కానీ ఆ ఇద్దరిలో ఉద్యోగం ఒకరికే వచ్చినప్పుడు అత్తయ్య రెండు కాయలూ కొట్టించారు. అప్పుడు దాన్ని చాదస్తమనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ మొక్కినవాటిలో ఎన్ని జరగలేదో నాకు తెలుసు. ఒక్కసారి కూడా ఆవిడ దేవుడి మీద అలగలేదు.

సంవత్సరీకం అయ్యాక వెళ్ళాను. పసుపు సంచి పట్టుకుని మా ఆయన వెనకే వచ్చారు. సగం మెట్లెక్కి కూలబడితే, పక్కన మెట్టుకి బొట్లు పెడుతున్న పెద్దావిడ, "కోరిక తీరిందేటమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "అయితే మెల్లగా ఎక్కు" అని, కాస్త జరిగి చోటిచ్చింది.

మర్నాడు ఉదయం బియ్యం కడుగుతుంటే, గోళ్ళ సందుల్లో మిగిలిన పసుపు నీళ్ళలో కలిసింది. ఆ కడుగునీళ్ళు తీసుకెళ్ళి కరివేపాకు మొక్క మొదట్లో పోశాను. కాసేపు మట్టి మీద లేత పసుపు రంగులో నిలిచి, మెల్లగా ఇంకిపోయాయి.