మూడో మంచానికి పోసిన గట్క

తాండూరులో ఓ ప్రైవేటు దవాఖాన ఐసీయూలో మార్త ఆయా. పేరుకే ఆయా. రోగుల నోళ్లు కడగడం, పక్కకు తిప్పడం, మంచం తలవైపు ఎత్తి ఉంచడం అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. బంట్వారం నుంచి పొద్దున్నే బస్సులో వస్తుంది. పన్నెండేళ్లుగా ఇదే పని. శ్వాస మిషన్ మీద ఉన్నవాళ్లంటే ఆమెకు హడల్, గంటగంటకూ చూసుకునేది. మిషన్ లేనివాళ్లను కాస్త తేలిగ్గా తీసుకునేది. ఊపిరితిత్తులకు నిమ్ము పట్టేది మిషన్‌వాళ్లకేనని అక్కడ అందరి నమ్మకం.

మూడో మంచం మీద భీమయ్య. కరణ్‌కోట దగ్గర రాయి గనిలో పనిచేసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మిషన్ పెట్టలేదు. మింగడం సరిగా రాదని ముక్కులో గొట్టం వేసి పాలు పోస్తున్నారు.

సోమవారం దుప్పటి మార్చడానికి మార్త మంచాన్ని చదునుగా దించింది. అప్పుడే అతని భార్య బాలమణి కొంగుచాటున స్టీలు డబ్బాతో వచ్చింది.

"అక్కా, జర రెండు చెంచాలు. జొన్న గట్కనే, మెత్తగ ఉడికిచ్చిన. నాలుగొద్దులాయె నాలిక మీద ఏం పడక. గొట్టంల పోస్తే కడుపు నిండుతదా?"

"డాక్టరమ్మ చూస్తే నా కొలువు ఊడుతది."

"నీ కొలువు సల్లగుండ! ఆయన కండ్లు జూడు, ఎట్ల అడుగుతున్నయో."

మార్త చూసింది. చూడకపోయుంటే బాగుండేది. జాలిపడి తల అటు తిప్పుకుంది. వెల్లకిలా పడుకున్న మనిషి గొంతులోకి గట్క జారింది. పొలమారి రెండుసార్లు దగ్గాడు.

బుధవారానికి జ్వరం, గురగుర, ఆయాసం. డాక్టర్ దీక్షిత ఎక్స్‌రే చూసింది.

"నిమ్ము. ఇంకా దిగజారితే మిషనే. నోట్లకేమన్న పెట్టిండ్రా?"

బాలమణి మొగుడి దుప్పటి సర్దసాగింది. చెప్తే తన కొలువు పోతుందని మార్తకు తెలుసు. చెప్పకపోతే రేపు మళ్లీ డబ్బా వస్తుంది, భీమయ్య పోతాడు.

"పెట్టిండ్రమ్మా. పండవెట్టి. నేనే పెట్టనిచ్చిన," అంది మార్త.

"పన్నెండేండ్ల సంది చేస్తున్నవ్, గీమాత్రం ఎర్కలేదా?" అని కసిరి, దీక్షిత వెంటనే మందులు మార్చింది.

బయట బాలమణి మార్త మీద పడింది. "నన్ను మొగున్ని సంపినదాన్ని జేసినవ్ గద!"

"నువ్వు ఎర్కలేక పెట్టినవ్. నేను ఎర్కుండి ఊకున్న. ఏడ్సుడు ఆపి రా, నోరు తుడుసుడు నేర్పిస్త, నోట్ల గలీజు ఊపిరితిత్తులకు పోకుంట."

ఆరు రోజులకు జ్వరం దిగింది. మిషన్ అవసరం పడలేదు. మార్తను మాత్రం ఐసీయూ నుంచి తీసి కింద నేల తుడవమన్నారు. పన్నెండేళ్లు పండిన చెయ్యి! మూడో మంచం దగ్గర బాలమణి పూటపూటకూ మొగుడి నోరు తుడుస్తోంది. మిగతా మంచాల మీదివాళ్ల నోళ్లు తుడిచే దిక్కులేదు.