నువ్వా, నీళ్ళా?

నా బల్ల మీద వెంటిలేటర్ ఊపిరి తీస్తోంది. అంటే, పరీక్ష కోసం రోగి బదులు దానికి తగిలించిన రబ్బరు సంచి ఉబ్బుతోంది, తగ్గుతోంది. పట్టపగలు రాంగోపాల్‌పేట్ రొదలో కూడా ఆ 'స్స్' మాత్రం విడిగా వినబడుతుంది. దానితో పాటు రబ్బరు వాసన. అది ముక్కుకు తగిలిందంటే యాదగిరి సార్ నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది. తిరిగి చూడాలంటే నాకు భయం.

బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివి, ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే ఈ వర్క్‌షాపులో ఆయన దగ్గర చేరినప్పుడు, "డాక్టరువీ కాదు, మెకానిక్కువీ కాదు, మరేమిటే నువ్వు?" అని మా పిన్ని ఏడిపించేది. సార్‌ని అడిగితే నవ్వారు. "మనిషికి, మిషన్‌కు నడుమ అబద్ధం రాకుండ జూసేటోళ్ళం బిడ్డా. గంతే."

వెంటిలేటర్ మీద ఒక ఆకుపచ్చ దీపం ఉంటుంది. రోగి తనంతట తాను ఊపిరి తీయబోతే వెలుగుతుంది. ఊపిరి తేమకు గొట్టంలో చేరిన నీళ్ళు కదిలినా, ఎక్కడైనా గాలి లీకైనా యంత్రం మోసపోయి దాన్ని వెలిగిస్తుంది. అందుకే అది వెలిగినప్పుడల్లా సార్ స్పృహలేని రోగి మీదికి వంగి, ఇంట్లో మనిషిని పలకరించినట్టు మెల్లగా అడిగేవారు. "నువ్వా, నీళ్ళా?" అడిగి ఊరుకోరు, జవాబు కోసం కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే నర్సు చేత నీళ్ళు తీయించేవారు.

ఒకసారి ఒక ఆసుపత్రిలో అలాగే నీళ్ళు తీయించగానే దీపం ఆరిపోయింది. రోగి భార్య సార్ చొక్కా పట్టుకుంది. "మా ఆయన ఊపిరి తీస్తుండని అన్నరు గద! మీరొచ్చినంకనే బంద్ అయ్యింది!"

"అది ఆయన ఊపిరి గాదమ్మా. నిజమనుకొని మిషన్ తీస్తే పానం మీదికొస్తుండె," అన్నారు సార్.

ఆమె వినలేదు. నాకూ ఆయన మీద కోపం వచ్చింది. మెట్లు దిగుతూ, "కాసేపు ఆశ ఉండనివ్వాల్సింది సార్," అన్నాను.

"ఆశ డాక్టర్ చెప్పాలె. నీళ్ళు గాదు," అన్నారు.

కొన్నేళ్ళకు సార్‌కే ఊపిరితిత్తులు చెడ్డాయి. మెట్టుగూడ ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. అక్కడి నుంచి ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. "లైటు వెలుగుతుంది బిడ్డా! మీ సార్ తిరిగొస్తుండు, జెర వచ్చి జూడు." వెళ్ళాను. సార్ కళ్ళు మూసుకుని ఉన్నారు, దీపం వెలుగుతూ ఆరుతోంది. వంగాను గానీ ఆ ప్రశ్న నా నోట రాలేదు. సార్‌ని 'నువ్వా' అని ఎలా అనను? నర్సు వైపు చూసి తల ఊపాను. ఆమె గొట్టంలో నీళ్ళు తీసింది. దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

ఆంటీ నా వైపు తిరిగారు. "ఆయన నేర్పిన పనే జేసినవ్," అని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ వారంలోనే సార్ పోయారు.

ఈ రోజు నా బల్ల మీదికి వచ్చింది సార్‌కు పెట్టిన ఆ యంత్రమే. కొత్త గొట్టం వేశాను. ఎక్కడా గాలి లీకు లేదు, చుక్క నీరు లేదు. రబ్బరు సంచికి సొంత ఊపిరి ఎక్కడిది? అయినా పొద్దుటి నుంచి ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఇదెందుకో తేలేదాకా ఈ యంత్రాన్ని ఏ మంచం దగ్గరికీ పంపను. ఆసుపత్రివాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, సార్ నాకిచ్చిన బుద్ధి అది.

ఇప్పుడే సంచి మీదికి వంగాను. ఆసుపత్రిలో నోట రాని ప్రశ్న ఇక్కడ వచ్చింది.

"మీరా, నీళ్ళా?"

అడిగి, జవాబు కోసం ఆగాను.