పై పాలు

మా అత్తగారు బతికున్నంతకాలం నా కూతుర్ని పెంచింది సొరచేపే అని చెప్పుకుంది. నేను నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

హిందీ మాట్లాడే గనుల ఊరు బచేలిలో, కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన పని ఇనుపరాయి గనిలో. గని కొండ మీద, ఇళ్ళు కొండ కింద. అందుకని మా లైన్లో ఎవరూ గని అనరు, ‘పైన’ అంటారు. హిందీవాళ్ళు ‘ఊపర్’ అంటారు. మీ ఆయన ఏరి అని అడిగితే, “పైకెళ్ళారు” అని నిశ్చింతగా చెప్పి బియ్యం ఏరుకునే ఊరు మాది. విజయనగరం నుంచి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు పక్కింటావిడ నోట ఆ మాట విని నేను హడలిపోయాను.

మొదటి కాన్పు అక్కడే. నాకు అమ్మ లేదు. అత్తగారే కొత్తవలసలో కిరండూల్ పాసింజరెక్కి వచ్చింది, సంచినిండా ఎండు సొర పట్టుకుని. సొరపిట్టు తింటే బాలింతకి పాలు పడతాయని మా వైపు నమ్మకం. పొద్దున్నా సొరే, మధ్యాహ్నమూ సొరే. చీరలూ దిళ్ళూ అన్నీ నీచుకంపు. పాలు మాత్రం లేవు. పిల్ల పట్టుకునేది, లాగేది, వదిలేసి గుక్కపట్టి ఏడ్చేది. “నీకు ఓపిక లేదే అమ్మీ, సరిగ్గా పట్టు” అనేది అత్తగారు. చన్నులు చిట్లి రక్తం వస్తుంటే ఇంకా ఓపికేటి, నా మొహం!

మూడోవారం ఆసుపత్రికి తీసుకెళ్తే పిల్ల పుట్టిననాటి బరువు కూడా లేదు. నర్సమ్మ కాటా మీంచి తీసి నా చేతిలో పెట్టి, “ఊపర్ కా దూధ్ దో” అంది. నాకప్పటికి వచ్చిన హిందీ కూరగాయల బేరానికే సరి. ఊపర్ అంటే పైన, పైన అంటే గని. గని క్యాంటీన్లో పసిపిల్లలకి పాలిస్తారు కాబోలు అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనతో, “పై పాలు పట్టమన్నారండీ” అన్నాను. ఆయన మర్నాడు డ్యూటీ దిగుతూ టిఫిను గిన్నెలో పాలు తెచ్చారు. టీ కోసం కాచిన పాలు! మూడు రోజులు ఉగ్గుగిన్నెతో అవే పోశాం. పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి.

మళ్ళీ పరిగెత్తాం. సంగతి విని నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. తల్లిపాలు కాక బయటినుంచి పట్టే ఏ పాలనైనా హిందీలో అలాగే అంటారట. అంటే మన పోతపాలు. “పహాడ్ కా నహీ, డబ్బే కా!” కొండ మీదివి కాదు, డబ్బావి అని అరిచింది. డాక్టరమ్మ ముందు పిల్లకి మందిచ్చి, డబ్బా పేరు చీటీ మీద రాసింది. నీళ్ళెలా మరిగించాలో, పొడిని చెంచాకి సమంగా ఎలా గీసి కొలవాలో నర్సమ్మ చూపించింది.

డబ్బా చూడగానే అత్తగారు గుమ్మంలోనే అడ్డం. “ఓలమ్మో, పోతపాలా? మన ఇంటా వంటా లేదు. నలుగురూ నవ్వుతారు. ఇంకో వారం సొర తిను.” మా ఆయన గోడ కేలండరు చూస్తున్నారు, అందులో ఏదో కొత్తగా రాసున్నట్టు. నాకు తిక్క రేగింది. “నవ్వేవాళ్ళని నవ్వనీండి అత్తయ్యా. ముందు ఇది బతకాలి. నేను డబ్బా పాలే పడతాను” అన్నాను. అత్తగారి ముందు గొంతెత్తడం అదే మొదలు. సీసా నేనే మరగబెట్టాను, చెంచా నేనే గీసి కొలిచాను. పిల్ల సీసా ఖాళీ చేసి, పుట్టాక మొదటిసారి ఏడవకుండా పడుకుంది. నేనేడ్చాను.

నెల తిరిగేసరికి దానికి బుగ్గలొచ్చాయి. అత్తగారు డబ్బాని బియ్యం డ్రమ్ము వెనక దాచి, లైన్లో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, “సొరపిట్టు మహిమ! మా కోడలికి పాలు పొంగుతున్నాయి” అని చెప్పింది. పోనీలే, నా మాట నెగ్గింది కదా, పెద్దావిడ పరువు ఆవిడకి మిగలనీ అనుకున్నాను. ఎవరైనా అడిగితే నేనూ “అవునండీ, సొరే” అన్నాను. ఆ అబద్ధం పిల్లతోపాటే పెరిగింది. అదీ నమ్మింది.

ఈమధ్య అత్తవారింట్లో దానికి కాన్పయింది. పదోరోజున ఫోన్ చేసి ఒకటే ఏడుపు. “అమ్మా, నాకు పాలు రావట్లేదు. నీకు పొంగాయి కదా, నాకే ఎందుకిలా? ఆ సొర ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పంపించవా?”

నా నోరు పడిపోను, ఎంత పని చేశాను!

“నాకూ రాలేదే తల్లీ” అన్నాను. “నువ్వు డబ్బా పాలు తాగి పెరిగావు.”

అటునుంచి పసిదాని ఏడుపొకటే వినిపిస్తోంది.

“పదిరోజులమ్మా,” అంది. “నీలా పాలిద్దామని, పదిరోజుల్నించీ దీన్ని పస్తు పెడుతున్నాను.”